స్వాముల మీటింగు

"మాతా, పప్పులో ఉప్పు తగ్గింది" అన్నాడు మా ఆయన.

అయ్యప్ప మాల వేసుకున్న రోజు నుంచీ ఆయనకి నేను మాతని, నాకు ఆయన స్వామి. మామూలు రోజుల్లో అయితే "ఏమేవ్, ఇందులో ఉప్పేసి చచ్చావా లేదా" అనేవాడు. పిలుపులో మర్యాద వచ్చింది కదా అని మొదట్లో సంతోషించాను కూడా, పిచ్చిదాన్ని. పిలుపు మారింది గానీ, లేచి వెళ్ళి ఉప్పు తెచ్చే మనిషి మారలేదు. తెల్లారకముందే చన్నీళ్ళతో తలస్నానం, తడి జుట్టు ముడేసుకుని పొయ్యి ముందు కూర్చోవడం, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఇంతమందికి వంట, వాళ్ళు తిని లేచాక విస్తళ్ళు తీసి వసారా అంతా కడగడం. దీక్ష ఆయనది, నడుం నొప్పి నాది.

ఒక్క ఆయనకైతే ఎలాగో చేసేదాన్ని. ఈ ఏడు పార్టీ పార్టీ అంతా మాల వేసుకుంది. వేయించినవాడు బుల్లయ్య గారు. ఊళ్ళో పార్టీకి పెద్ద, పంచాయతీకి ఉపసర్పంచి. "జెండా పట్టుకుని తిరిగితే సగం ఊరే మన వెనకొస్తది. దేవుణ్ణి పట్టుకుంటే కాదనే మగాడెవడు?" అని మా వసారాలోనే అన్నాడు. వాళ్ళ భిక్ష ఎక్కువ రోజులు మా ఇంట్లోనే, సర్పంచి గారి ఇల్లు కదా మరి.

సర్పంచిని నేనే. చెప్పుకుంటే నాకే నవ్వొస్తుంది. రెండువేల ఒకటి ఎలక్షన్లలో మా ఊరు ఆడవాళ్ళకి రిజర్వయితే మా ఆయన నా చేత నామినేషను వేయించాడు. "పేరు నీది, పని నాది. నువ్వేం కంగారుపడమాక" అన్నాడు. ఓట్లడగడానికి మాత్రం నన్నే తిప్పారు. ఊరి బయట ఎస్సీల పల్లెలోకి వెళ్ళినప్పుడు ఎలీసమ్మ నన్ను వాళ్ళ బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి దోసిట్లో నీళ్ళు పోసింది. నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. మంచినీళ్ళు కావాలంటే ఆ ఆడవాళ్ళు మిరప కోతల నుంచి వచ్చి, చేతులు ఇంకా మండుతుండగానే బిందెలతో కాలవ దాకా నడవాలి. "మాకు సారె చీరెలొద్దమ్మా, పైపొకటి వేయించు" అంది. వేయిస్తానన్నాను. ఆ మాట మా ఆయన చెప్పమన్నది కాదు, నా నోటితో నేను అన్నది. ఎలీసమ్మ కూడా ఆ వార్డుకి మెంబరుగా గెలిచింది.

ఆ పైపు కోసం ఇప్పుడు గ్రాంటు వచ్చింది. రాగానే బుల్లయ్య గారికి రామాలయం ముందు ఆర్చీ కట్టాలని భక్తి పుట్టింది. శ్రీరామనవమికి ఎమ్మెల్యే గారొచ్చి రిబ్బను కత్తిరిస్తారట. తీర్మానం ఇంకా రాయనే లేదు, మార్టూరు నుంచి గ్రానైటు రాళ్ళు మాత్రం దిగిపోయాయి. "నీళ్ళ డబ్బు గుడికి పెడితే పైనోళ్ళు ఊరుకుంటారా?" అని అడిగాను. "మండలాఫీసులో అందరూ మన స్వాములే" అని నవ్వాడు బుల్లయ్య గారు. మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. లోపలికి వెళ్ళి మజ్జిగ తెమ్మని ఆ చూపుకి అర్థం.

మజ్జిగ తెస్తుంటే వినపడింది.

"మీటింగు ఎప్పుడు పెడదాం స్వామీ?" అన్నాడు బుల్లయ్య గారు.

"అమ్మనడిగి చెప్తా" అన్నాడు మా ఆయన.

పంచాయతీ మీటింగు సంగతి మా అత్తగారికేం తెలుసని? ఆవిడకి తెలిసిందల్లా పూజలూ, పచ్చళ్ళూ, నా మీద నిఘా. గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగాను. అత్తగారు పూజగదిలో వత్తులు చేసుకుంటూ, తలైనా ఎత్తకుండా చెప్పింది. "బుధవారం నుంచి అది ఇంట్లో ఉండదురా. గురువారం పెట్టుకోండి."

నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. నేను బయట చేరే రోజులు మా అత్తగారికి కంఠతా వచ్చని తెలుసు. ఆవకాయ జాడీ ముట్టుకోకుండా, పూజగది వైపు రాకుండా ఆవిడ ఎప్పుడూ ఆ లెక్కలోనే ఉంటుంది. కానీ ఆ లెక్క బుల్లయ్య గారి దాకా, పార్టీ దాకా పోతుందని తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు నాదెందుకవ్వాలో అప్పుడు తోచలేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పోయిన నెల మీటింగు నేను దూరంగా ఉన్నప్పుడే. అంతకుముందుదీ అంతే. "స్వాములు పంచాయతీ ఆఫీసులో కూర్చోకూడదు, మైల" అని మీటింగుని రామాలయం మండపంలో పెట్టిన పీఠం దగ్గరికి మార్చింది అందుకన్నమాట. నేను మెట్లెక్కను. ఉపసర్పంచి అధ్యక్షత వహిస్తాడు. ఎలీసమ్మకీ, సాయిబుల వీధి మెంబరు కరీమున్‌కీ "మీరెందుకమ్మా శ్రమ, సంతకాలకి మేమే మనిషిని పంపిస్తాం" అని కబురు. ముగ్గురు ఆడవాళ్ళని గెలిపించి, ముగ్గుర్నీ మెట్ల కింద ఉంచారు.

అత్తగారి లెక్క తప్పలేదు. బుధవారం పొద్దున్నే బయట చేరాను. దాచేద్దామా అనిపించింది. కానీ దాచి పీఠం ముందుకి వెళ్ళేంత గుండె నాకు లేదు. దేవుడంటే నాకూ భక్తే, భయమే. అయినా దేవుడు నాకేం అన్యాయం చేశాడని? గొడ్లచావిడి పక్క గదిలో చాప వేసుకున్నాను. మా ఆయన నా కంట పడకుండా ఆలయానికి మకాం మార్చాడు. కంచం దూరం నుంచి జరిపారు. ఆ గది కిటికీలోంచి మా మిరప చేను కనపడుతుంది. కోతకొచ్చిన కూలీలు వంగి కాయలు కోస్తున్నారు. అంతమంది ఆడవాళ్ళలో ఎవరు ఏ రోజున ఉన్నారో ఏ ఆసామీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే కాయ చెట్టు మీదే ఎండి రాలిపోతుంది. ఆ కాయల కారమే మా వంటింట్లో జాడీలో ఉంటుంది, దాన్ని మాత్రం నేను ముట్టుకోకూడదు.

మధ్యాహ్నం కూలీలకి మంచినీళ్ళు తీసుకెళ్తూ ఎలీసమ్మ కిటికీ దగ్గర ఆగింది.

"రేపంట గదమ్మా మీటింగు. మా పైపు పోయినట్టేనా?"

నేను కిటికీ ఊచ పట్టుకుని చేను వంక చూశాను.

"పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు, ముట్టుకోకూడని రోజులాయె" అంది.

ఆవిడ జాలిపడి అన్నమాట రాత్రంతా నా చెవుల్లోనే ఉంది. ముట్టుకోకూడదు. నన్నూ ముట్టుకోకూడదు, నేను ముట్టుకున్నదాన్నీ ముట్టుకోకూడదు.

గురువారం నేను వెళ్ళేసరికి సెక్రటరీ త్రినాథ్ గారు గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్నారు. పేట నుంచి బస్సులో వచ్చి పోయే మనిషి, మా ఇళ్ళ సంగతులు ఆయనకి తెలియవు.

"తీర్మానాల పుస్తకం ఒకసారి ఇవ్వండి" అన్నాను.

సర్పంచి అడిగితే ఇవ్వక ఏం చేస్తాడు, ఇచ్చాడు. గుండెలకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాను. పైన మండపంలో నల్లబట్టలన్నీ నా వైపు తిరిగాయి. అందరికీ వినపడేట్టు చెప్పాను.

"నేను బయట చేరాను. ఇవాళ రెండో రోజు."

స్వాములు గబగబా మొహాలు తిప్పుకున్నారు. మొగుడికి కూడా చాటుగా చెప్పే మాట రామాలయం ముందు అరిచాను.

"అమ్మాయ్, నీకేమన్నా మతుండా?" అన్నాడు బుల్లయ్య గారు స్తంభం చాటు నుంచి. "మాల మీద ఉన్నాం మేము. ఆ పుస్తకం పీఠం కాడికెట్టా తెచ్చేది?"

"తేవొద్దండీ. ఎదురుగా బడి వరండా ఉంది. మీటింగు అక్కడ."

"తెల్లకాయితం మీద రాయవయ్యా సెక్రటరీ."

"చెల్లదండీ, పుస్తకంలోనే రాయాలి" అన్నాడు త్రినాథ్ గారు. "పైగా సర్పంచి గారు వచ్చారు కాబట్టి అధ్యక్షత ఆవిడదే."

బడి వరండాలో కూర్చున్నాను. పొద్దున్నే కబురు పంపాను కదా, ఎలీసమ్మ వచ్చి నన్ను ఆనుకునే కూర్చుంది. కరీమున్ ముసుగు సర్దుకుంటూ ఇటు పక్కన కూర్చుంది. మాల వేసుకోని మెంబర్లు ఇద్దరు కాసేపు గుడి వైపూ, కాసేపు మా వైపూ చూసి, చివరికి దిగొచ్చారు. కోరం సరిపోయింది. మిగతావాళ్ళు మండపంలోనే ఉండిపోయారు, రావాలంటే నా ముందుకి రావాలి మరి.

వచ్చింది మా ఆయన ఒక్కడే. వరండా కింద, దూరంగా ఆగాడు. కోపంతో చెంపలు అదురుతున్నాయి.

"పరువు తీశావు గదే" అన్నాడు పళ్ళ బిగువున. మాతా అనడం కూడా మర్చిపోయాడు. "ఆ పుస్తకం ఇటియ్యి."

లేచి, రెండు చేతులతో పుస్తకం ఆయన ముందుకి చాచాను.

"తీసుకోండి స్వామీ."

ఆయన పుస్తకం వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు. మెళ్ళో మాలని పిడికిట్లో పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి బుల్లయ్య గారి కోసం చూశాడు. స్తంభం చాటు నుంచి బుల్లయ్య గారు ఇవతలికి రాలేదు. నేను చాచిన చేతులు అలాగే ఉంచాను.

ఆయన చెయ్యి లేవలేదు.

పుస్తకం త్రినాథ్ గారి ముందు పెట్టి, పల్లెకి మంచినీళ్ళ పైపులైను, రాసుకోండి అన్నాను. ఆయన నిక్షేపంగా కలం తీశాడు. నా కాపురంలో నా చేతిలో ఉన్నదాన్ని మా ఆయన లాక్కోలేకపోవడం అదే మొదలు.