నడుము ఎత్తున నిలిచిన షట్టరు

పోస్టుకార్డు వచ్చేసరికి సులోచన రోట్లో పచ్చడి నూరుతోంది. మిరపకాయ చేతులతోనే కార్డు అంచు పట్టుకుని గుమ్మంలో నిలబడి చదివింది. 'స్ప్రింగులు హైదరాబాద్ నుంచి వచ్చినవి. బేస్తవారం వచ్చి బిగించెదను. షట్టరు కింద సామాను ఏమియూ ఉంచవద్దు. జలాలుద్దీన్, షట్టరు మిస్త్రీ, కరీంనగర్.'

నాలుగుసార్లు చదివింది. నవ్వొచ్చింది. బీఏ చదివేటప్పుడు ఏ ఉత్తరానికీ ఇంత సంబరపడలేదు.

పెళ్ళయి నాలుగు నెలలు. పెద్దపల్లిలో ఆమెకు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. స్టేషన్ నుంచి టాక్సీ కిరాయి దింపి వచ్చే భర్త రాజలింగం సందు మలుపులో రెండుసార్లు హారన్ కొట్టడం, సాసర్లో చల్లార్చుకుని తాగే చాయ్, మధ్యాహ్నం అత్తమ్మ కునికిపాట్లు పడుతుంటే చిన్నగా పెట్టుకునే రేడియో. కానీ ఈ కార్డు వేరు. ఇది తను నోరు తెరిచి అడిగినది. "షట్టరు శాన బరువున్నది, జర బాగు చేయించరాదా" అని నెల కింద అన్నం వడ్డిస్తూ అడిగితే రాజలింగం తలెత్తకుండానే "చూద్దాం తియ్" అన్నాడు. చూశాడన్నమాట. ఇంట్లో చెప్పిన మాట వినే మగవాడు దొరికాడు, ఇంకేం కావాలి అనుకుంది. ఇంకెవరికీ చెప్పని మాట ఒకటి ఆమె దగ్గర ఉంది. నెల తప్పి రెండు నెలలైంది. స్ప్రింగు బిగించిన రోజే ఆ మాటా చెబుదామని, రెండు సంబరాలు ఒక్కనాడే అవుతాయని దాచిపెట్టుకుంది.

వీధివైపు గదిలో రాజలింగం అంబాసిడర్ ఉంటుంది. ఆ గదికి ఇనుప షట్టరు. దాని స్ప్రింగు ఆమె కాపురానికి రాకముందే విరిగింది. అయినా రోజూ పొద్దున దాన్ని లేపేది సులోచనే. సాన్పు చల్లి, ముగ్గేసి, ఇంటి కోడలే షట్టరు లేపాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. "మొగోని చెయ్యి ముందుగాల పడితే ఆ దినం గిరాకి రాదు" అని అత్తమ్మ పోశవ్వ మొదటి రోజే చెప్పింది. సులోచన వంగి, పిడి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మోకాలి దాకా, నడుము దాకా, భుజం దాకా లేపి, కింద దుడ్డుకర్ర ఆనించేది. రాజలింగం పళ్ళు తోముకుంటూ నిలబడి "శభాష్, పహిల్వాన్" అనేవాడు. ఆమె కిలకిలా నవ్వేది.

ఆ పిడికి వెలిసిపోయిన నీలం చీరపేలిక చుట్టి ఉంది. చేయి కోసుకోకుండా ఎవరో చుట్టారు. ఒకరోజు గమనించింది, పేలిక మీద నాలుగు వేళ్ళ చోట నాలుగు గుంతలు పడి ఉన్నాయి. తన వేళ్ళు సరిగ్గా వాటిలోనే కూర్చున్నాయి. షట్టరు కిర్రుమన్నప్పుడల్లా నిద్రమత్తులో ఉన్న అత్తమ్మ లోపల్నుంచి పిలిచేది: "అనసూర్యా, లేచినవా?" మొదట్లో సులోచన సవరించేది. తర్వాత మానేసింది. "లేచిన" అనేది. తన గొంతు తనకే ఇంకెవరిదో లాగా వినిపించేది.

అనసూర్య రాజలింగం మొదటి భార్య. జమ్మికుంట పిల్ల. రెండు కాన్పులు నిలవలేదని, రెండోసారి రక్తం ఆగక చనిపోయిందని చెప్పి పెళ్ళి చేశారు. "వాళ్ళ వంశంలనే కడుపు నిలువది" అంది పోశవ్వ ఒకసారి, బియ్యం ఏరుతూ. "దాని చెల్లెను పెండ్లికి అడుగుతందుకు గూడ ఎవ్వలూ వస్తలేరట. ఎవలొస్తరు?" సులోచన అప్పుడు పాపం అనుకుంది. అంతే అనుకుంది.

బేస్తవారం పదింటికి జలాలుద్దీన్ వచ్చాడు. తెల్లగడ్డం, మోకాళ్ళ దాకా మడిచిన పైజామా. కారు కిరాయికి పోయింది, గది ఖాళీ. పోశవ్వ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ముసలాయన షట్టరుకు తాళ్ళు కట్టి, కింద రెండు దుంగలు పెట్టి, నిచ్చెనెక్కి, పైనున్న గొట్టం చక్రంలో ఇనుపకడ్డీ దూర్చి కొంచెం కొంచెంగా వదిలాడు.

"దీని బిగువు మెల్లగ ఇడువాలె బేటీ. ఒక్కసారి ఇడిస్తే చేతులు తీస్కపోతది."

సులోచనకు ఆ పని చూడటం భలే సరదాగా ఉంది. చాయ్ పట్టుకుని నిచ్చెన కిందే నిలబడింది. రెండు స్ప్రింగులు కిందికి దిగాయి. ఒకటి రెండు ముక్కలు, విరిగినచోట నల్లటి తుప్పు. రెండోది ముక్క కాలేదు గానీ చుట్లు ఎడమెడమైపోయాయి.

"విరిగింది ఒక్కటే గద చాచా, రెండూ ఎందుకు మార్చుడు?"

"నీ మొగడు గూడ గదే రాసిండు" అని నవ్వాడాయన. "ఒక్కటి విరిగినంక రెండోది రెండింటి బరువు మోసింది. చూస్తందుకు మంచిగనే ఉంటది. ఇంకో యాడాదికి అది గూడ పోతది."

కొలత సరిచూసుకోవడానికి జేబులోంచి ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "జర చదువు బేటీ, నా అద్దాలు బస్సుల పోయినయి."

రాజలింగం దస్తూరీ. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ అక్షరాలంటే కూడా ఆమెకు ముద్దే. అడ్డం తొమ్మిది అడుగులు, ఎత్తు ఎనిమిది, విరిగిన స్ప్రింగు ఒకటే. కింద: 'మొన్న షట్టరు జారి కారు బానెట్ మీద పడినది. కొత్త రంగు లేచిపోయినది. కారు పాడగుచున్నది గావున ఆలస్యము చేయక రావలెను.'

తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. షట్టరు జారిన రోజు ఆమెకు గుర్తుంది. అరచేయి చీరుకుపోయింది. రాజలింగం పరుగెత్తుకొచ్చి బానెట్ మీద చేయి వేసి నిమిరాడు.

"ముందుగాల ఒక అమ్మ ఉండె గద" అన్నాడు జలాలుద్దీన్, కొత్త స్ప్రింగుకు గ్రీజు పూస్తూ. "పొట్టిగ. గా బండ మీద ఎక్కి లేపేది. పుట్టింటికి పోయిందా?"

గది మూలన ఉన్న బండ సులోచన కాలికి రోజూ తగిలేదే. ఎందుకుందో ఎన్నడూ అడగలేదు.

"చచ్చిపోయింది" అంది.

ఆయన చేయి ఆగిపోయింది. "మూడేండ్ల కింద కొలతలకు వచ్చిన. అప్పుడు కడుపుతోటి ఉండె. అంతకు ముందొకటి పోయిందని ఏడ్చింది. నేను నీ మొగనికి చెప్పిన, స్ప్రింగు ఏసేదాక ఆమెతోని లేపియ్యకు, ఇది రెండు మణుగుల బరువని. ఇంట్ల మనిషి ఉండంగ స్ప్రింగు ఎందుకు సాబ్ అన్నడు. నన్ను మళ్ళ పిలువలే."

"పాత ముచ్చట్లెందుకు మిస్త్రీ, పని చూసుకో" అంది అరుగు మీంచి పోశవ్వ. చింతపండు పిక్కలు తీస్తున్న వేళ్ళు మాత్రం ఆగలేదు.

పోశవ్వకూ తెలుసు. సులోచన అత్తమ్మ ముఖంలోకి చూసింది. పోశవ్వ తల దించుకుంది. ఈ ఇంటికి కోడలుగా వచ్చిననాటి నుంచి ఈమె ఎన్నేళ్ళు ఏ బరువులు లేపిందో, ఏం పోగొట్టుకుందో, ఎవరు అడిగారు? అడగబుద్ధి కాలేదు. అరుగు చివర కూర్చుంది. తన పొట్ట మీద తన చేయే ఉంది, ఎప్పుడు పెట్టుకుందో తెలియదు. ఈ నాలుగు నెలలూ తను పలికింది అనసూర్య పేరుకే. ఆమె పేలిక పట్టుకుని, ఆమె గుంతల్లో వేళ్ళు పెట్టి, ఆమె చావును రోజుకింత లేపి దుడ్డుకర్ర ఆనించింది. పైగా నవ్వింది.

మూడింటికి పని అయిపోయింది. జలాలుద్దీన్ షట్టరును నడుము ఎత్తుకు తెచ్చి చేయి తీసేశాడు. అది పైకి పోలేదు, కిందికి జారలేదు. గాలిలో అలాగే నిలిచింది. "గిట్ల నిలవడితేనే బిగువు సరిగ్గ ఉన్నట్టు" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "ఖుదా హాఫిజ్ బేటీ" అన్నాడు.

పొద్దు వాలకముందే మలుపులో హారన్ రెండుసార్లు మోగింది. రాజలింగం దిగి ఒంటి వేలితో షట్టరు లేపాడు. దించాడు. మళ్ళీ లేపాడు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"చూసినవా, నీ కోసమే చేయించిన. ఇగ నీకు రంది లేదు."

నిన్నటి దాకా అయితే ఈ మాటకు ఆమె మల్లెపూవులా విచ్చుకునేది. ఇప్పుడు ఆ మాట ఆమె చెవి దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఉత్తరం చదివిన" అంది.

"ఏ ఉత్తరం?"

"మిస్త్రీకి మీరు రాసింది. మూడేండ్ల కింద మీరన్నది గూడ చెప్పిండు."

రాజలింగం తల్లి వైపు చూశాడు. పోశవ్వ చింతపండు చేట ఎత్తుకుని లోపలికి నడిచింది.

"గా ముసలోని మాటలు పట్టుకుంటవా? అయింది అయిపాయె. అన్నం పెట్టు."

"పెడత" అంది సులోచన. ఆమె గొంతు స్థిరంగా ఉంది, తన గొంతే. "రేపు పొద్దుగాల ప్యాసింజరుకు జమ్మికుంట పోతున్న. షట్టరు మీరే లేపుకోండ్రి."

"జమ్మికుంటల నీకెవలున్నరు?"

"అనసూర్యను కన్న అవ్వ ఉన్నది. పెండ్లి గాని చెల్లె ఉన్నది. లోపం వాళ్ళ బిడ్డ కడుపుల లేదు, మన షట్టర్ల ఉండె అని చెప్పొస్త."