వీరవేణమ్మ ఇంగ్లీషు

జడ వేస్తుంటే మా లోవ, "అమ్మా, లుకింగ్ గ్లాస్ ఇయ్యి," అంది.

ఒకటో తరగతి పిల్ల. నేను మండపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. అద్దాన్ని ఇప్పుడెవరూ అలా అనరు, అందరూ మిర్రర్ అంటారు. నేనూ ఆ మాట పాత పుస్తకాల్లో తప్ప చూడలేదు.

"ఎవరు నేర్పారే?"

"అక్క."

పక్కింటి పిల్లలెవరో అనుకున్నాను. సాయంత్రం దగ్గుమందు పోయబోతే మూతి బిగించి, "ఫిజిక్ వద్దు," అంది. మందుకి పూర్వపు మాట అది. వాడుకలోంచి పోయి ఎన్నాళ్ళయిందో. ఫోనులో ఏం చూస్తోందోనని వెతికాను. ఏనుగు పాట, కుందేలు పాట, అంతే.

మా అత్తగారు రత్నమాణిక్యం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"మీ మనవరాలు దొరసాని అయిపోతోందండి. అద్దాన్ని లుకింగ్ గ్లాస్ అంటోంది," అన్నాను నవ్వుతూ.

ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏమందీ? మళ్ళీ చెప్పు."

చెప్పాను.

"నేను కాపరానికొచ్చిన కొత్తలో విన్నానే ఆ మాట. మా అత్తగారు చెప్పేవారు. వీరవేణమ్మ అలాగే అడిగేదంట. తెలుగులో అడిగేదాకా అద్దం దాచేసి అందరూ ఏడిపించేవారంట."

వీరవేణమ్మ ఈ ఇంటి పేరంటాలు, చనిపోయాక ఇంటిదేవతగా కొలుచుకుంటున్న మనిషి. మా మావగారికి మేనత్త. లాకుల దగ్గర కాపురమున్న దొరగారి భార్య ఆవిడకి ఇంగ్లీషు నేర్పింది. పరీక్ష రాయడానికి రాజమండ్రి పడవ ఎక్కబోతూ, మా పెరటి కాలవ రేవులోనే కాలు జారి మునిగి చనిపోయింది. పెళ్ళి కాలేదు. అప్పట్నించీ ఏటా శ్రావణ శుక్రవారం ఆవిడ పేర కొత్త చీర పెట్టి, కిందటేడు పెట్టిన చీరని ఇంటి ఆడపడుచుకి ఇస్తారు. ఆ చీర కట్టుకుని ఆడపడుచు భోంచేస్తేనే ఆవిడ తిన్నట్టు. ఈ ఏడు మా ఆడపడుచు ఉషారాణి అత్తవారింట్లో మైల వచ్చి రాలేకపోయింది. లోవ మాత్రం ఇంటి ఆడపిల్ల కాదా అని మా అత్తగారు ఆ ఆకుపచ్చ చీర మడతలు విప్పి దాని ఒంటికి చుట్టారు. మేం ఫొటో కూడా తీశాం.

"పెద్దమనిషి కాని పిల్లకి ఎప్పుడూ ఇవ్వలేదమ్మాయ్," అన్నారావిడ ఇప్పుడు. "నాకు తోచలేదు."

పడుకునే ముందు లోవ స్కూలు బ్యాగు సర్దుకుంది.

"అమ్మా, రేపు బిటైమ్స్ లేపు. పడవొస్తుందంట."

పెందలాడే అనడానికి ఇంగ్లీషువాళ్ళే మానేసిన మాట. మా కాలవలో పడవలు తిరగడం నేను పుట్టకముందే ఆగిపోయింది. రేవు నిండా గుర్రపుడెక్క.

"పడవలు లేవమ్మా."

"ఉన్నాయి. నీకు తెలీదు, అక్కకి తెలుసు."

దాన్ని నాకూ మా ఆయన లోకనాథ్‌కీ మధ్యలో పడుకోబెట్టుకున్నాను. వెలుగొచ్చేసరికి పక్క ఖాళీగా ఉంది. పెరటి తలుపు బార్లా తీసి ఉంది. దాని పైగడియ పిల్లకి అందదు.

లోవ యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని, రేవు చివరి మెట్టు మీద నిలబడింది. నీళ్ళు చీలమండలు దాటాయి. అవతలి గట్టు నుంచి రేవు దాకా, ఒక పడవ పట్టేంత వెడల్పున గుర్రపుడెక్క విడిపోయి నల్లటి నీళ్ళు కనిపిస్తున్నాయి. గాలి లేదు.

వెనక్కి చూడకుండా దాన్ని ఎత్తుకొచ్చేశాను.

"అక్క నన్ను ముందెక్కమంది," అని ఏడ్చింది.

"ఆ చీర కాలవలో వదిలేద్దామండి," అన్నాను అత్తగారితో.

"ఇచ్చిన చీర తిప్పి పంపకూడదు. ఎవరో ఒకరు కట్టుకోవాలి. ఉషకి మైల తీరడానికి ఇంకా వారం ఉంది."

"నేను కట్టుకుంటానండి."

"నువ్వు కోడలివే. ఈ ఇంటి పిల్లవి కాదు."

"ఆవిడకి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కావాలేమోనండి. ఉషకి ఏబీసీడీలే తిన్నగా రావు."

"నా కూతుర్ని అనడానికి నీకిదేనా సమయం," అన్నారుగానీ లేచి వెళ్ళి చీర తెచ్చారు.

తలంటుకుని, పసుపు రాసుకుని కట్టుకున్నాను. మొన్న లోవకి చుట్టినప్పుడు తప్ప ఏడాదిగా పెట్టెలో ఉన్న చీర. కుచ్చిళ్ళ దగ్గర మాత్రం తడిగా తగిలింది. విస్తరి ముందు కూర్చున్నాక, ఎంత తిన్నా ఆకలి తీరలేదు. మా అత్తగారు వడ్డిస్తూ నా మొహం వంక చూడలేదు.

సాయంత్రం లోవ దగ్గుమందు గడగడా తాగేసింది.

"అమ్మా, అద్దం ఇయ్యి, బొట్టు దిద్దుకుంటాను," అంది.

మా అత్తగారు దేవుడి గూటి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. నాకూ గుండె కుదుటపడింది. ఆవిడ బీపీ మాత్ర సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"అత్తయ్యగారూ, మీ ఫిజిక్ వేసుకున్నారా?" అన్నాను.

మాత్ర అనే అనబోయాను.

"అంటే ఏంటమ్మా?" అని లోవ నవ్వింది.

మా అత్తగారు లేచి పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నారు.

లోవ ఇప్పుడు బాగానే ఉంది. అందరిలాగే మిర్రర్ అంటోంది. తాళంచెవి మాత్రం మా అత్తగారు స్నానానికి వెళ్ళినా వదలరు. నేనూ అడగను. తెల్లవారుతుండగా ఆ తలుపు దగ్గర ఎందుకు నిలబడి ఉంటున్నానో ఆవిడా నన్ను అడగరు. నా హ్యాండ్‌బ్యాగు మాత్రం రోజూ సర్దుకునే పడుకుంటున్నాను.