మేరియన్ ఇంటి ఇనప పొయ్యి

మేరియన్ హాస్లమ్‌కి ఏం చేసినా కలిసొస్తుంది. అదే పని నేను చేస్తే బెడిసికొడుతుంది. మా ఇద్దరి ఇళ్లకీ మధ్య ఉన్నది ఒకే గోడ కాబట్టి ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

షటిల్ వీధిలో ఇళ్లన్నీ ఒకే కప్పు కింద ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కింద రెండు గదులు, పైన రెండు గదులు, వెనక పెరట్లో బొగ్గుల కొట్టు. బట్టల మిల్లు యజమాని తన పనివాళ్ల కోసం కట్టించాడు. చివరి ఇల్లు మాత్రం వాళ్లమీద అజమాయిషీ చేసే మేస్త్రీది. దానికి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ పెట్టించాడు, వీధి మొత్తం మీద ఓ కన్నేసి ఉంచడానికి. మా ముత్తవ్వ కాపురానికి వచ్చేసరికి ఈ ఇంటి గోడలింకా తడారలేదట. మేరియన్ వాళ్లు వచ్చింది యుద్ధం రోజుల్లో. నిన్నగాక మొన్న అన్నమాట.

వంటకీ, గది వెచ్చదనానికీ వాడే బొగ్గుల పొయ్యిలు, మాదీ వాళ్లదీ, ఆ ఉమ్మడి గోడలోనే వీపుకి వీపు ఆనించి కట్టారు. మా అమ్మకి మేరియన్ వాళ్లమ్మతో పని పడితే వీధిలోకి వెళ్లేది కాదు. బొగ్గులు కదిపే ఇనప చువ్వతో పొయ్యి వెనక మూడుసార్లు కొట్టేది. అవతలినుంచి మూడు దెబ్బలు వినిపిస్తే టీ కెటిల్ ఎక్కించేది. మేమిద్దరం పెద్దయ్యాక కూడా అలాగే పిలుచుకున్నాం, మేరియన్ పొయ్యి పోయిందాకా.

కిందటేడు మా వీధిని వారసత్వ కట్టడాల పట్టికలో చేర్చారు. ఇకమీదట అనుమతి లేకుండా కిటికీ కూడా మార్చకూడదు. పైగా ఒక ఇంటిని ఎంచి, మొదట్లో ఎలా ఉండేదో అలా చేసి, ఆదివారాలు జనానికి చూపిస్తారట. ఆ ఇంటివాళ్లు అందులోనే ఉండొచ్చు. గుమ్మం పక్కన వాళ్ల ఇంటిపేరుతో, అక్కడ బతికినవాళ్ల పేర్లతో బోర్డు పెడతారు.

ఆ బోర్డు నాకు కావాలి. మా అమ్మ ఆలిస్ పిల్లింగ్ బతికినంతకాలం మగ్గాల మోతలో పనిచేసి చివరి రోజుల్లో చెవులు పోగొట్టుకుంది. ఆమె పేరు సమాధి రాయి మీద తప్ప ఇంకెక్కడా లేదు. మా గుమ్మం పక్కన ఉండాలి.

ఉంటుందన్న ధీమా కూడా ఉంది. మా ఆయన ఆర్నాల్డ్ పిసినారితనం వల్ల మా ఇంట్లో పెద్దగా ఏదీ మారలేదు. చెక్క కిటికీలు, రాతి సింకు, పాత తలుపులు అన్నీ అలాగే ఉన్నాయి. మేరియన్ ఇంట్లో ప్లాస్టిక్ కిటికీలు, హార్డ్‌బోర్డు అతికించిన తలుపులు. జీవితంలో మొదటిసారి మేరియన్ నాకంటే వెనకబడింది. ఆ సంతోషంతోనే తనిఖీ రోజు పొద్దున్నే గుమ్మం రాయి కడిగి, అంచుకి సుద్దరాయితో తెల్లగా గీత దిద్దాను. మేరియన్ కూడా తన గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని అదే పనిలో ఉంది.

"ఏమే హెట్టీ, మొహానికి పౌడరు కూడా రాశావే! ఎవరొస్తున్నారు, రాణిగారా?" అంది.

"నీ ఇంటికి మాత్రం రారులే. ప్లాస్టిక్ కిటికీలు చూస్తే ఆవిడకి కళ్లు తిరుగుతాయి."

"కళ్లు తిరిగినా పర్లేదు, చలి మాత్రం రాదు," అని మేరియన్ పకపకా నవ్వింది. ఆ నవ్వంటే నాకు ఒళ్లు మంట.

ఆ ఒక్క ఇంటినీ ఎంచడానికి తనిఖీకి వచ్చిన అమ్మాయి పేరు మిస్ కోర్లెస్. నా తలుపుల మీద చెయ్యి వేసి "ఎంత బాగున్నాయండీ!" అంది. రాతి సింకు చూసి మురిసిపోయింది. చివరికి వెనకగదిలోకి వచ్చి గోడ ముందు ఆగిపోయింది.

"ఇక్కడ పెద్ద ఇనప పొయ్యి ఉండాలి కదండీ? పక్కన రొట్టెలు కాల్చే అర, నీళ్లు కాగే తొట్టితో?"

"ఉండేది," అన్నాను.

అది లేకుండా పోవడానికి కారణం మేరియనే. అప్పట్లో ఒకరోజు వీధిలో అందర్నీ పిలిచి తన కొత్త గోడ చూపించింది. నున్నగా, లేత పసుపు రంగులో, మధ్యలో ఉత్తుత్తి బొగ్గులతో ఎర్రగా వెలిగే కరెంటు పొయ్యి. "ఆ మసిగొట్టు ఇనప పొయ్యి పీకించేశానమ్మా, పీడా పోయింది," అని చేతులు దులుపుకుంది. నేను ఇంటికొచ్చి, "అదేనా మనిషి? నేను కాదా?" అని ఆర్నాల్డ్‌ని కాల్చుకు తిన్నాను. చివరికి అతను సుత్తి తీసుకుని మా పొయ్యిని ముక్కలు చేసి పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. దాని చోట మీగడ రంగు పలకలు వేయించాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.  శుక్రవారం శుక్రవారం ఆ పొయ్యికి నల్లరంగు రుద్ది మెరిపించే బ్రష్షులు కడిగి, సింకు కింద పెట్టేసింది.

మిస్ కోర్లెస్ మేరియన్ ఇంటికి వెళ్తుంటే నేనూ వెనకాలే వెళ్లాను. దాని మొహం మాడిపోవడం చూడాలిగా.

ఆ అమ్మాయి నున్నటి గోడ మీద వేళ్లతో తట్టింది. బోలుగా మోగింది.

"దీని వెనక ఏముందండీ?"

"ఇంకేముంటుంది? పాత పొయ్యి," అంది మేరియన్. "మా స్టాన్లీకి మేకు కొట్టాలంటేనే రెండు కప్పుల టీ పడాలి. పీకే ఓపిక లేక దాని ముందు హార్డ్‌బోర్డు పెట్టి రంగేశాడు."

నేను ఆ అమ్మాయిని పక్కకి జరిపి ముందుకొచ్చాను.  "పీకించేశానన్నావు కదే!"

"అన్నాను. మూసేశానంటే గొప్పేముంది?"

"నీ మాట నమ్మి నాది పీకించుకున్నానే మహాతల్లీ!"

"నేను పీకించుకోమన్నానా?"

ఆ హార్డ్‌బోర్డు ఊడదీశారు. రొట్టెల అర, నీళ్ల తొట్టి, చివరికి మేరియన్ వాళ్లమ్మ వదిలేసిన కెటిల్ కూడా దుమ్ము కొట్టుకుని అక్కడే ఉన్నాయి. తలుపుల మీది హార్డ్‌బోర్డు కిందా పాత చెక్క చెక్కుచెదరలేదు. కిటికీలు కొత్తగా చెక్కవి చేయిస్తారట. ఆ పొయ్యిని మాత్రం చేయించలేం కదా అంది మిస్ కోర్లెస్.

ఇప్పుడు మేరియన్ గుమ్మం పక్కన హాస్లమ్ అని బోర్డు ఉంది. పాలకి వెళ్లినా, పేపరుకి వెళ్లినా దాన్ని దాటే వెళ్లాలి. నేను అటు చూడను. మేరియన్‌తో మాటలు మానేశాను. శీతాకాలం వచ్చింది. నా గదిలో ఖర్చుకి భయపడి గ్యాస్ హీటరు తగ్గించి, రెండు శాలువాలు కప్పుకుని కూర్చుంటున్నాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

సోమవారం పొద్దున గోడలోంచి మూడు దెబ్బలు వినిపించాయి. నేను కదల్లేదు. మళ్లీ మూడు. మా అమ్మ చువ్వ పలకల పక్కనే ఉంది. దాన్ని తీసి మంచం కిందకి తోశాను. కాసేపటికి గోడకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది. మేరియన్ పొయ్యి వెలిగించింది. ఆదివారాలు జనం వచ్చినప్పుడు తప్ప వెలిగించొద్దని, బొగ్గు ఖర్చు అని మిస్ కోర్లెస్ దానికి గట్టిగానే చెప్పింది. నేను కుర్చీ జరిపి గోడకి వీపు ఆనించి కూర్చున్నాను.

మర్నాడు పెరట్లో గుడ్డలు ఆరేస్తుంటే గోడ మీదుగా మేరియన్ తల కనిపించింది.

"ఏమే, నీ వైపు గోడ వెచ్చబడిందా?"

"లేదు," అన్నాను.

మేరియన్ గోడ వెనక్కి దిగిపోయింది. బొగ్గుల కొట్టు తలుపు తెరిచిన చప్పుడు, పారతో బొగ్గు తోడుతున్న చప్పుడు వినిపించాయి. ఆ సాయంత్రం గోడ వేడికి రెండు శాలువాలూ తీసేయాల్సి వచ్చింది.