నిరూపణ తీసేసిన చోట

నేను ఒక బేరి చెట్టు చెక్కను. చీనా దేశంలో, హాంగ్‌చౌ పట్నంలోని ఒక అచ్చుకొట్టులో ఉంటాను. మీ కలంకారీ అచ్చులకు దూరపు చుట్టాన్ననుకోండి. వాటి మీద పూలూ లతలూ ఉంటాయి. నా మీద పుస్తకంలోని ఒక పుట మొత్తం తిరగేసి చెక్కి ఉంటుంది. సిరా పూసి, కాయితం పరిచి, పైన రుద్దితే పుట తయారు. మనుషులు చదువుకునేదంతా ముందు మేము మోసిందే. ఆ సంగతి ఎవరూ తలచుకోరు, అది వేరే విషయం.

నా మీద చెక్కింది యవనుల రేఖాగణితం. అదే, గ్రీకులది. పడమటి నుంచి వచ్చిన ఒక పాద్రీ దాన్ని వచ్చీరాని చీనా భాషలో నోటితో చెబుతుంటే, గూ వెన్‌షావ్ అనే పండితుడు చక్కటి మాటల్లో పెట్టి రాశాడు. బొమ్మల్లో గ్రీకు అక్షరాలుండే చోట జ్యా, యీ, బింగ్ అని చీనా వరస గుర్తులు పెట్టారు. ఎంత పొడిగించినా కలవని గీతలను ఏమనాలో తోచక ఇద్దరూ అన్నం సంగతి కూడా మరిచిపోయేవారట. నా వంతుకు వచ్చింది త్రిభుజం. మూడు కోణాలూ కలిపితే రెండు లంబకోణాలని పైన ఒక్క వాక్యం, దాని కింద బొమ్మ, ఆ కింద పుట నిండా నిరూపణ.

చెక్కేవాడు ఫాంగ్ విసుక్కున్నాడు. "ఎన్ని ‘ఎందుకంటే’లు చెక్కమంటారండీ? చేతులు పడిపోతున్నాయి. పైనున్న ఆ ఒక్క వాక్యం చాలదా?"

అచ్చు సరిచూడటానికి వచ్చిన గూ పండితుడు నా పక్కనే కూర్చున్నాడు. "చాలదు ఫాంగ్. పెద్దలు చెప్పింది బట్టీపట్టి పరీక్షలు గట్టెక్కినవాణ్ణి నేను. ఏదీ ఎందుకని అడిగిన పాపాన పోలేదు. ఈ పాద్రీ మొదటి రోజే ఏమన్నాడో తెలుసా? నేను చెప్పానని ఒప్పుకోవద్దు, మీకు కనబడితేనే ఒప్పుకోండి అన్నాడు. అలాంటి పుస్తకం మనవాళ్ళ చేతిలో ఒక్కటైనా ఉండొద్దూ? ఒక్క ‘ఎందుకంటే’ కూడా పోనివ్వనని ఆయనకు మాటిచ్చాను."

ఆ మాట విన్నాక ఉలి దెబ్బలు కూడా నాకు హాయిగానే అనిపించాయి.

పుస్తకం బయటికి వచ్చింది. పొగడనివాడు లేడు, చదివినవాడూ లేడు. ఇదంతా మన పూర్వులదే, పడమటివాళ్ళు ఎత్తుకుపోయి మళ్ళీ మనకే నేర్పుతున్నారని కొందరు తేల్చేశారు. తెలిసినవాడు ఒక్క మాటలో చెప్పాలి గాని ఇంత సాగదీయడం దేనికని ఇంకొందరు మొహం తిప్పుకున్నారు. పాద్రీ పోయాడు. గూ పండితుడికి చూపు మందగించి, చివరికి పూర్తిగా పోయింది. నేను అటకెక్కాను.

అప్పుడు లియాంగ్ వచ్చాడు. గూ పండితుడి శిష్యుడు, పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు. గురువంటే ప్రాణం. నాకు ఒళ్ళు మండేది అక్కడే. శత్రువైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. గురువు పుస్తకం మూలపడిందని బాధపడి, దాన్ని పదిమందీ చదివేలా చేయాలని పూనుకున్నాడు. వాక్యం ఉంచాడు, బొమ్మ ఉంచాడు, నిరూపణ తీసేయమన్నాడు. చేతులు పడిపోయేలా చెక్కినదాన్ని ఫాంగ్ మారుమాట లేకుండా చదును చేశాడు. ఆ చోట నాలో గుంట తొలిచి వేరే చెక్కముక్క బిగించాడు. మా కొట్టులో తప్పులు దిద్దే పద్ధతి అదే. ఆ ముక్క మీద గూ వెన్‌షావ్ పేరును బిరుదులతో సహా పెద్ద అక్షరాల్లో చెక్కాడు.

లియాంగ్ గురువును పల్లకీలో కొట్టుకు తీసుకొచ్చి, నన్ను ఆయన ఒళ్ళో పెట్టాడు. ఆ ముసలాయన నన్ను వేళ్ళతో చదివాడు. వాక్యం దొరికింది. త్రిభుజం దొరికింది. కిందికి వచ్చేసరికి వేళ్ళు తడబడ్డాయి.

"ఇక్కడ నిరూపణ ఉండాలి నాయనా."

"తీసేశామండీ గురువుగారూ. జనానికి అంత తీరికెక్కడిది? ఇక చూడండి, ప్రతి ఇంట్లోనూ మీ పుస్తకమే ఉంటుంది."

"మరి ఎవరికైనా అనుమానం వస్తే?"

"ఎందుకొస్తుందండీ? కింద మీ పేరుంది కదా."

గూ పండితుడు వేళ్ళు కిందికి జరిపి ఆ పేరును తడిమాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "ఆ పేరు పీకేయించు. నిరూపణ మళ్ళీ చెక్కించు. నేను బతికుండగానే."

లియాంగ్ కళ్ళు చెమర్చాయి. ఇంతటివాడికి ఎంత వినయమని మోకరిల్లాడు. ఫాంగ్ ఉలి పట్టుకుని అతని వైపు చూశాడు. లియాంగ్ వద్దని తల ఊపి, పైకి మాత్రం "అలాగేనండీ" అన్నాడు. ఆ తల ఊపడం గూ పండితుడికి కనబడలేదు. శిష్యుడు చెప్పాడు కదా అని నమ్మి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ శీతాకాలంలోనే పోయాడు. పేరు వద్దన్న గురువు వినయాన్ని లియాంగ్ ముందుమాటలో ఎక్కించాడు. జనం అది చదివి కళ్ళు తుడుచుకుని, లోపలి వాక్యాలు బట్టీపట్టారు. నన్ను ఇప్పటికీ అచ్చు వేస్తూనే ఉన్నారు. వానాకాలం వస్తే నాలో బిగించిన ముక్క ఉబ్బి కాస్త పైకి లేస్తుంది. సిరా దానికే ఎక్కువ అంటుతుంది. పుట మొత్తంలో అన్నిటికంటే నల్లగా పడేది ఆ పేరే.