శుక్రవారపు గల్లాపెట్టె

నేను ఒక గల్లాపెట్టెను. పనసకర్రతో చేసిన ఒళ్ళు, ఏటవాలు మూత, చిల్లరకి ఆరు గుంటలు, నోట్లకి మూడు అరలు, ఇత్తడి గొళ్ళెం. మూత ఎత్తితే కిర్రుమంటాను. బందులకి చుక్క నూనె వేస్తే ఆ చప్పుడు పోతుంది గాని, ఏ యజమానీ వేయలేదు. ఆ కిర్రు వినిపిస్తే కొట్లో ఏ మూలనున్నా, ఎవరో డబ్బు మీద చెయ్యి వేశారని తెలుస్తుంది కదా.

నన్ను చేసిన వడ్రంగి సోమాచారి "పెట్టె గట్టిగా చేశాను, నిండడం మాత్రం మీ అదృష్టం" అని చెప్పి కూలి ముందే పుచ్చుకున్న జాగ్రత్తపరుడు. మొదట పదేళ్ళు ఒక కాఫీ హోటల్లో పనిచేశాను. తడిచేతులు, పెసరట్టు నూనె అంటిన నోట్లు, క్షణం తీరిక లేని బతుకు. ఆ హోటలు మూతపడినప్పుడు, అమలాపురం గడియార స్తంభం దగ్గర దర్జీ సామాను కొట్టు పెట్టబోతున్న పేర్రాజు నన్ను ముప్పై అయిదు రూపాయలకి కొన్నాడు. గుండీలు, దారాలు, జిప్పులు, లైనింగు గుడ్డ, చీర ఫాల్సు అమ్మే కొట్టు. నా ఒంటికి పట్టిన కాఫీ వాసన పోయి కొత్త గుడ్డ గంజి వాసన పట్టింది. నలభై ఏళ్ళు ఆ బల్ల మీదనుంచి కదల్లేదు.

పేర్రాజు దగ్గర నాకొక గొప్ప హోదా దక్కింది. శుక్రవారం పొద్దున్నే నా మూతకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక మందారపువ్వు ఉంచి దండం పెట్టేవాడు. ఆ రోజు నాలోకి డబ్బు రావడమే గాని బయటికి పోవడం లేదు. కొన్నవాళ్ళకి తిరిగివ్వాల్సిన చిల్లర గురువారమే లెక్కపెట్టి గాజుసీసాలో పోసి ఉంచేవాడు. సీసాలోంచి తీస్తే లక్ష్మీదేవి ఏమీ అనుకోదట. దేవతల విషయంలో మనుషులు ఎంత వెసులుబాటు ఉంచుకుంటారో చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

అసలు ఈ శుక్రవారం నియమం ఎలా పుట్టిందో నేను కళ్ళారా చూశాను. పేర్రాజు బావమరిది సీతాపతి కొబ్బరికాయల బేరం చేసేవాడు. బేరం మీద ప్రతి శుక్రవారం అమలాపురం వచ్చి, నష్టపోయి, సాయంత్రం మా కొట్టుకి వచ్చి "బావా, ఒక వంద సర్దు" అనేవాడు. పేర్రాజుది మెత్తని గుండె, లేదనలేడు. ఇస్తే తిరిగి రాదు. అలా ఏడాది పోయాక ఒక గురువారం రాత్రి నా ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించి, మర్నాటి నుంచి పసుపూ కుంకుమా మొదలుపెట్టాడు. సాయంత్రం బావమరిది రాగానే "శుక్రవారం పూట లక్ష్మిని బయటికి పంపకూడదుట బావా, కాఫీ తాగు" అన్నాడు. ఆ గుట్టు నాకూ ఆయనకీ మాత్రమే తెలుసని చాలాకాలం గర్వపడ్డాను.

పేర్రాజు పోయాక కొడుకు భాస్కరం కొట్లో కూర్చున్నాడు. తండ్రి ఫొటోతో పాటు తండ్రి నియమం కూడా తు.చ. తప్పకుండా నిలబెట్టాడు. ఎందుకు పుట్టిందో తెలియని నియమానికే గట్టిదనం ఎక్కువ.

రోజులు మాత్రం అలాగే లేవు. జనం రెడీమేడ్ బట్టలకి అలవాటుపడ్డారు. దర్జీలు తగ్గారు, ఉన్నవాళ్ళు అరువు పెట్టారు. భాస్కరం బ్యాంకులో ఓడీ పెట్టించుకున్నాడు. అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా మూడు లక్షల దాకా వాడుకోవచ్చు, వాడుకున్నదానికి వడ్డీ కట్టాలి. నేను ఖాళీగా ఉన్నా కొట్టు నడుస్తుండడం చూసి మొదట్లో నాకు కాస్త చిన్నతనంగా ఉండేది.

మార్చి నెలలో బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. భాస్కరం దాన్ని చదవకుండా నా కింది అరలో పెట్టేశాడు. చదవని ఉత్తరం రానట్టే అని ఆయన లెక్క. వారం తరువాత ఆయన భార్య రత్నమాల సూదుల పెట్టె కోసం వెతుకుతూ దాన్ని పైకి తీసింది.

"ఏవండీ, ఇది చూసేరా? వచ్చే నెల నుంచి మూడు లక్షలు కాదంట, రెండే. హద్దు దాటితే రోజుకి రెండొందలు. ఖాతాలో చోటు లేకపోతే చెక్కు వెనక్కి పంపించేస్తారంట."

"ఫోన్ చేస్తార్లే. సాయంత్రం లోపల కట్టేద్దాం."

"ఇప్పుడు ఫోన్ చేసే మనిషెవరూ ఉండరండీ, అంతా కంప్యూటరే చూసుకుంటాది. దానికి మొహమాటం ఉండదు."

అప్పటికి వాడుకున్నది రెండు లక్షల డెబ్భై వేలు. భాస్కరం ముఖం చూసి నాకు జాలేసింది. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడని మర్నాడు రత్నమాల అంటుంటే విన్నాను. ఆమే ఆయన్ని బయల్దేరదీసి బ్యాంకుకి తీసుకెళ్ళింది. ముందుగా వచ్చి అడిగారు గనక మేనేజరు ఒప్పుకున్నాడు. హద్దు ఒక్కసారిగా కాక, నెలకి ఇరవై వేల చొప్పున తగ్గుతుంది. రోజుకి రెండొందలు మాత్రం మారదు, చెక్కుల సంగతీ మారదు.

ఇక రత్నమాల నడుం బిగించింది. పదేళ్ళుగా అమ్ముడుపోని బంగారు రంగు గుండీల్ని గుప్పెడు పది రూపాయలకి పెట్టించింది. పెళ్ళిళ్ళ దర్జీలు వాటికోసం కొట్టుకున్నారు. అరువు దర్జీలకి టీ పోసి మరీ బాకీలో సగం రాబట్టింది. ఇంట్లో కొత్త ఫ్రిజ్జు ఆలోచన మానుకుంది. రోజూ మూడు గంటలకి నాలో ఉన్నదంతా ఊడ్చి బ్యాంకులో వేసి వచ్చేది, శుక్రవారం తప్ప. శుక్రవారం వసూలు శనివారం దాకా, శనివారం సెలవైతే సోమవారం దాకా నా కడుపులోనే ఉండేది. ఈలోగా అక్కడ అప్పు హద్దు దాటితే రోజుకి రెండొందలు పడుతూ ఉండేది. మొదటి రెండు నెలల్లో అలా రెండు వేల పైన పోయింది. పసుపు కుంకుమలతో కూర్చుని నేను చేసిన నిర్వాకం అది. సిగ్గుపడ్డాను, కాని నాకున్న నోరు కిర్రుమనడానికే పనికొస్తుంది.

మే నెలాఖరు శుక్రవారం అసలు కథ ముదిరింది. జూన్‌లో బడులు తెరుస్తారు, యూనిఫారాల కాలం, మా కొట్టుకి ఏడాది తిండి ఆ నెలలోనే. సరుకు పంపే బెజవాడ వ్యాపారికి ఇచ్చిన నలభై రెండు వేల చెక్కు ఆ రోజు బ్యాంకుకి వచ్చింది. ఖాతాలో చోటు ముప్పై వేలకే ఉంది. సాయంత్రం నాలుగు లోపల పన్నెండు వేలు పడకపోతే చెక్కు వెనక్కి పోతుంది, ఆ వ్యాపారి ఇక దారపు ఉండ కూడా అరువివ్వడు. నాలో పద్దెనిమిది వేల అయిదొందలున్నాయి. పొద్దున్నే కుంకుమ పెట్టించుకుని ఉన్నాను.

భాస్కరం నా మూత మీద చెయ్యి వేసి తండ్రి ఫొటో వంక చూశాడు. "మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఒక్క శుక్రవారం తీయలేదే. నా చేత్తో తీయలేను" అన్నాడు. ఆ భయం నిజమైనదే, దాన్ని చూసి నవ్వలేకపోయాను.

రత్నమాల గడియారం చూసింది. మూడుంబావు. "మీ చేత్తో తీయొద్దు. పెట్టెలోంచి డబ్బు తీయకూడదన్నారు గాని, పెట్టెను తీయకూడదని మావయ్యగారు చెప్పలేదు కదా. పట్టండి ఆ పక్క."

నలభై ఏళ్ళ తరువాత నేను లేచాను. నా కింద బల్ల మీద నా ఆకారంలోనే తెల్లటి మచ్చ ఉంది. ఆటోవాడు పసుపూ పువ్వూ చూసి "గుడికాండీ?" అన్నాడు. "ఆయ్, బ్యాంకుకండీ" అంది రత్నమాల. ఆమె ఒళ్ళో కూర్చుని, మందారపువ్వు జారిపోకుండా ఆమె వేలు అడ్డం పెడుతుంటే, అమలాపురం బజారంతా మొదటిసారి చూశాను. ఎంత బాగుందో చెప్పలేను.

క్యాషు కౌంటర్లో ఝాన్సీ అనే అమ్మాయి ఉంది. రత్నమాల నన్ను కౌంటరు మీద పెట్టి సంగతి చెప్పింది. ఝాన్సీ నవ్వలేదు. చెయ్యి లోపలికి పెట్టి నోట్లు తనే తీసుకుంది, మొదటి నోటు కళ్ళకద్దుకుంది.

"శుక్రవారం లక్ష్మి మా దగ్గరికీ రావాలి కదండీ. అందరూ మీలాగే ఆపేస్తే ఈ వేళ నా కౌంటరు బోసిపోద్ది" అంది.

చెక్కు చెల్లింది. ఆ రాత్రి భాస్కరానికి నిద్రపట్టిందో లేదో తెలియదు. మర్నాడు మాత్రం ఒకావిడ వచ్చి పన్నెండు గజాల లైనింగు కొంది. లక్ష్మీదేవి అలిగిన జాడ కనిపించలేదు. పై శుక్రవారం నుంచి పొద్దున పూజ, మూడింటికి బ్యాంకు. యూనిఫారాల కాలం బాగా గడిచింది. ఆగస్టులో హద్దు రెండు లక్షలకి దిగే నాటికి, అప్పు దానికన్నా ముప్పై వేలు కిందే ఉంది.

ఒక శ్రావణ శుక్రవారం సాయంత్రం సీతాపతి వచ్చాడు. డెబ్భై అయిదేళ్ళవాడు, బేరాలు మానేసి చాలాకాలమైంది, ఊరికే మేనల్లుణ్ణి చూడ్డానికి. కుంకుమ పెట్టి ఉన్న నా మూత తెరిచి, ఒక్క నోటూ లేని అరలు చూశాడు.

"ఒరేయ్ భాస్కరం, శుక్రవారం పూట డబ్బు తీసేశావేంట్రా?"

భాస్కరం తలదించుకున్నాడు. "బ్యాంకులో వేశాను మావయ్యా. నాన్న నియమం తప్పాను."

సీతాపతి దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అది లక్ష్మీదేవికి పెట్టిన నియమం కాదురా, నా ఒక్కడికే పెట్టింది. నాకు లేదని చెప్పలేక దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు మా బావ."

"నీకు తెలుసా?"

"మొదటి శుక్రవారమే తెలిసిపోయింది. ఆ పసుపు మరీ కొత్తగా ఉంది."

"మరి అన్నేళ్ళూ ప్రతి శుక్రవారం ఎందుకొచ్చేవాడివి?"

"కాఫీ ఇప్పించేవాడు కదరా. పక్కన కూర్చోబెట్టుకునేవాడు. అప్పు దొరకదని తెలిసేక మొహమాటం లేకుండా రావడం కుదిరింది."

గుట్టు నాకొక్కదానికే తెలుసని ఇన్నాళ్ళూ మురిసిన నా గర్వం ఆ సాయంత్రంతో పోయింది. నాకేమీ కష్టం అనిపించలేదు.

భాస్కరం తండ్రి ఫొటో వంక చూశాడు. తరువాత గాజుసీసాలోంచి చిల్లర తీయబోయి ఆగాడు. నా మూత ఎత్తాడు, నేను కిర్రుమన్నాను. గుంటల్లో మిగిలిన నాణేలు తన చేత్తోనే ఏరి, ఎదురు హోటలువాడికి రెండు కాఫీలు చెప్పాడు.