నీళ్ల పిలుపు

మహబూబ్‌నగర్ జిల్లాలో పెళ్లి కుదిరిన ప్రతి జంటకూ ఈమధ్య ఒకటే పిచ్చి పట్టింది. ఇంతవరకు ఎవరూ ఫొటో దిగని చోట తాము దిగాలి. అలాంటి చోటు భూమ్మీద ఎక్కడుందో వెతికే భారం మాత్రం ఫొటోగ్రాఫరుది. చెరువు కట్టలు అయిపోయాయి, పాత కోట గోడలు అయిపోయాయి, గుట్టల మీది బండలన్నిటికీ ఎవడో ఒకడు ప్రియురాలి పేరు పూసిపెట్టాడు. ఒకడికి మంచి జాగా దొరికిందంటే వారం తిరక్కుండా నలుగురు అక్కడ వాలతారు. అందుకే జడ్చర్ల పెద్దులు కొత్త జాగా కనిపెడితే కన్నతల్లికి కూడా చెప్పడు.

పేరు పెద్దులే గాని మనిషికి ముప్పై దాటలేదు. ఆ పేరు బోర్డు మీద బాగుండదని స్టూడియోకు ‘పీడీ ఫొటోస్’ అని పెట్టుకున్నాడు. పదో తరగతి దాకా తండ్రి చెన్నయ్యతో కలిసి గొర్ల మంద వెనక నడిచినవాడు. మోకాళ్లు పట్టేసి చెన్నయ్య మంద అమ్మేశాక వీడు కెమెరా పట్టాడు. జడ్చర్లలో ఎవరైనా మీదేం పని అని అడిగితే వ్యవసాయమని చెప్పి మాట మార్చేవాడు. ఒంటికి పట్టిన గొర్ల వాసన వదిలించుకోవడానికి ఎన్ని సబ్బులు అరగదీశాడో వాడికే ఎరుక.

ఈ ఎండాకాలం వాడికి దొరికిన జాగా, ఒక గుట్ట వెనక పాడుబడ్డ రాతి క్వారీ. మూడు వైపులా గోడల్లా నిటారుగా కోసిన రాయి, నాలుగో వైపు ఒకప్పుడు లారీలు దిగిన ఏటవాలు బాట. నడుమ నిండా నీళ్లు, అడుగెక్కడుందో ఎవరికీ తెలియదు. నాలుగు సాయంత్రాలు బండి వేసుకుని వచ్చి చూసుకున్నాడు. సూర్యుడు ఎటు దిగుతాడో, నీడ ఎటు పడుతుందో, కారు ఎక్కడ ఆగుతుందో, అమ్మాయి బట్టలు మార్చుకోవడానికి చాటు ఎక్కడుందో, అన్నీ చూశాడు. జంటను పడమటి అంచు మీద నిలబెట్టి, తాను తూర్పు అంచు నుంచి పొడుగు లెన్సుతో తీస్తే, వాళ్లూ వాళ్ల వెనక వాలూ ఎర్రటి పొద్దూ మాత్రమే పడతాయి. గుంత ఫొటోలో పడదు. ఫొటోలో పడనిది వాడి లెక్కలో లేనట్టే.

ఆదివారం సాయంత్రం భాగ్యశ్రీనీ, ఆమెను చేసుకోబోయే రాజేశ్‌నూ తీసుకొచ్చాడు. భాగ్యశ్రీ ఒంటి మీద ఎర్ర గౌను, దాని తోక నేల మీద బారెడు పొడుగున ఈడ్చుకొస్తోంది. పడమటి వాలు మీద ఒక గొర్ల మంద మేస్తోంది. ఆ మంద మనిషి గోపమ్మ, నెరిసిన జుట్టు, చేతిలో కట్టె, వీళ్లను చూసి దగ్గరికొచ్చింది.

“గుంత మస్తు లోతు బిడ్డా. అంచుకు పోకుండ్రి,” అంది.

“మాకెరికే అవ్వా, ఫికర్ చెయ్యకు,” అన్నాడు పెద్దులు.

“పొద్దుటి సంది నీళ్లు లెవ్వు నా గొర్లకు. గిన్ని తుమ్మకాయలు రాల్చి పెట్టి బోరు కాడికి తోల్కపోత,” అని చెప్పి ఆమె వాలు కిందికి దిగిపోయింది.

ఆ మాట వీడి చెవిన పడింది గాని లోపలికి పోలేదు. పొద్దు వంగుతోంది. మంచి వెలుగు నిలబడేది కాసేపే, అది పోతే ఎవడబ్బ సొమ్ము పెట్టినా తిరిగి రాదు.

“అన్నా, గా గొర్లు మా ఎనుకనుంచి దుమ్ము లేపుకుంట వస్తే ఎంత మంచిగుంటదో గద,” అంది భాగ్యశ్రీ.

“వస్తయ్ చెల్లె. నేను పిలుస్త.”

“నీ మాటెట్ల ఇంటయన్నా?” అని రాజేశ్ నవ్వాడు.

పెద్దులుకు ఆ నవ్వు గుచ్చుకుంది. దాచుకున్న విద్య చూపించాలనే దురద మనిషిని ఊరికే ఉండనీయదు. ఇంకో ఫొటోగ్రాఫరైతే ఈల వేసి ఊరుకునేవాడు, గొర్లు తలెత్తి చూసి మళ్లీ గడ్డి కొరుక్కునేవి. వీడికి పిలుపు వచ్చు. అదే కొంప ముంచింది.

తూర్పు అంచుకు పోయి, కెమెరా కంటికి ఆనించి, నాలుక అంగిలికి తాటించి, “ట్ర్‌ర్‌ర్... హో... హో...” అని ఎత్తాడు. అది మందను నీళ్లకు పిలిచే పిలుపు. ఆ వైపు మందలన్నిటికీ పుట్టుకతో తెలిసిన మాట. రాతి గోడలు దాన్ని రెండింతలు చేశాయి.

మంద ఒక్కసారిగా తలెత్తింది. ముందు నడిచే నల్ల గొర్రె కదిలింది, దాని వెనక మందంతా కదిలింది. లెన్సులో ఎర్రటి దుమ్ము, ఆ దుమ్ములో బంగారంలా వెలిగే ఉన్ని, ముందర నవ్వుతున్న జంట. పెద్దులు పొంగిపోయాడు. ఇలాంటి ఫొటో ఈ జిల్లాలో ఎవడూ తీయలేదు. మరొక్కసారి పిలిచాడు.

గొర్లు పరుగందుకున్నాయి.

అప్పుడు కన్ను కెమెరా నుంచి తీశాడు. తీయగానే వాడి పైప్రాణాలు పైనే పోయాయి. లెన్సులో లేని గుంత అక్కడ నోరు తెరుచుకుని ఉంది. గొర్లు వస్తున్నది జంట దగ్గరికి కాదు, వాడి గొంతు దగ్గరికి. వాడి గొంతుకూ వాటికీ నడుమ ఇద్దరు మనుషులు, ఆ తర్వాత నిటారు రాయి, ఆ కింద నీళ్లు. గొర్రెదాటు అని ఊరికే అనలేదు. ఒకటి దూకితే మందంతా దూకుతుంది, అడ్డం ఉన్న మనుషులను కూడా తోసుకునే పోతుంది.

“బండ ఎనుకకు ఉరుకుండ్రి! బండ ఎనుకకు!” అని అరిచాడు.

రాజేశ్ తిరిగి చూసి, భాగ్యశ్రీ రెక్క పట్టి పక్కనున్న బండ చాటుకు లాగాడు. గౌను తోక గొర్ల కాళ్ల కింద పడి పర్రున చినిగింది. చినగడమే మంచిదైంది, లేకపోతే ఆ అమ్మాయిని కూడా ఈడ్చుకుపోయేది. మనుషులు తప్పుకున్నారు, మంద ఆగలేదు. దాన్ని తిప్పడానికి పెద్దులు చేతిలో ఉన్నదల్లా ఆ పిలుపే. కెమెరా ఎక్కడ పడేశాడో చూసుకోకుండా అంచు వెంబడే ఉత్తరానికి ఉరికాడు. ఉరుకుతూనే పిలిచాడు. గొంతు ఎండిపోయి సగం గాలే వస్తోంది, అయినా పిలిచాడు.

నల్ల గొర్రె అంచు మీద కాళ్లు తన్నిపెట్టి ఆగింది. వెనకవి దాన్ని తోశాయి. గులకరాళ్లు జారి నీళ్లలో పడ్డ చప్పుడు వినిపించింది. అది చెవులు రిక్కించి, గొంతు జరిగిన దిక్కుకు మెడ తిప్పి, అంచు వెంబడే ఉత్తరానికి మళ్లింది. మంద కూడా మళ్లింది. మలుపులో గుంత వైపున్న గొర్రె ఒకటి మాత్రం కాలు జారి కిందికి పోయింది.

మిగతావి పెద్దులును చుట్టుముట్టాయి. రొప్పుతూ, వాడి కాళ్ల మధ్య దూరి, అరచేతులు మూతులతో పొడిచి పొడిచి నీళ్ల కోసం వెతికాయి. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

కింది నుంచి అరుపు వినిపించింది. పడ్డ గొర్రె బతికే ఉంది, ఈదుతోంది. ఈదుతూ వాడి గొంతు విన్న గోడ కిందికే వస్తోంది. అక్కడ కాలు ఆనడానికి గోరంత అంచు లేదు. దాని ఉన్ని తడిసి బరువెక్కి, తల మాత్రమే పైకి కనబడుతోంది. పెద్దులు లారీల బాటకు పరుగెత్తి, నీళ్ల అంచు దాకా దిగి మళ్లీ పిలిచాడు. గొర్రె తిరిగింది. అప్పటికే గోపమ్మ ఆయాసపడుతూ వచ్చి వాడి పక్కన నిలబడింది.

“ఆపకు. పిలువు,” అంది.

గొర్రె ముక్కు మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. పెద్దులు ప్యాంటు చొక్కాతోనే నడుం లోతుకు దిగి, చెయ్యి చాచి, ఉన్ని దొరకబుచ్చుకుని లాగాడు. గోపమ్మ వాడి చొక్కా పట్టుకుని వాడిని లాగింది. ముగ్గురూ బాట మీద పడ్డారు. గొర్రె దగ్గి, నీళ్లు కక్కి, వణుకుతూ లేచి నిలబడింది. పెద్దులుకు ఏడుపు ఆగలేదు.

“ఎవరి కొడుకువు బిడ్డా?” అని అడిగింది గోపమ్మ.

“చెన్నయ్య కొడుకును అవ్వా. మాది గుడ గొర్ల ఇల్లే.”

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టినా వాడికి కాస్త ఊపిరాడేది. వాడి వెంటే వచ్చి, పైన బాట మొదట్లో దిగకుండా గుంపుగా నిలబడ్డ మందను చూసి ఆమె నాలుక తాటించింది.

“ట్ర్‌ర్‌ర్... హో... హో...”

ఏటవాలు బాట, ఎదురుగా నీళ్లు, పొద్దంతా దప్పికతో ఉన్న మంద. ఒక్కటీ కదలలేదు. గోపమ్మ రెండడుగులు పైకెక్కి మళ్లీ పిలిచింది. నల్ల గొర్రె ఆమెను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. దాన్ని చూసి మందంతా వెనక్కి జరిగింది.

“పుట్టినకాడి నుంచి నా గొంతు ఇంటయి,” అంది గోపమ్మ. “ఇయ్యాల నన్ను నమ్ముతలెవ్వు.”

పెద్దులు సాయం చేద్దామని నోరు తెరిచాడు. గోపమ్మ తడి చెయ్యి వాడి నోటికి అడ్డం పెట్టింది.

“నువ్వు మల్ల పిలువకు కొడుకా,” అంది.