పరుపులమ్మ హజ్

ఆ వీధిలో అందరూ ఆమెను పరుపులమ్మ అనే పిలిచేవారు. ఆమె కుట్టిన పరుపు లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు మరి. భర్త దూది ఏకేవాడు. ఆమె గలేబు కుట్టి, దూది కూరి, దబ్బనంతో టాకాలు వేసేది. నోరు మూసుకుని పనిచేయడం ఆయనకు చేతకాదు. మీసాలకు దూదిపింజలు అంటుకుని ఉండగానే, తానింకా చూడని మక్కా సంగతులు మొదలుపెట్టేవాడు. కాబా చుట్టూ ఎటునుంచి ఎటు తిరగాలో దూది బస్తా చుట్టూ తిరిగి చూపించేవాడు. పసిబిడ్డ గుక్కెడు నీళ్ళ కోసం హాజిరా తల్లి సఫా, మర్వా గుట్టల మధ్య పరుగులు తీయడం చెప్పేటప్పుడు మాత్రం ఏకడం ఆపేసేవాడు. "ఆ తల్లి అడుగుల వెంట రాజైనా నడవాల్సిందే" అనేవాడు. హజ్‌లో ఒక రాత్రి ముజ్దలిఫా అనే చోట అందరూ ఆరుబయట కటిక నేల మీద పడుకుంటారని చెప్పి, "అక్కడ మన వ్యాపారం నడవదే!" అని పకపకా నవ్వేవాడు.

తీరా ఇద్దరికీ ప్రయాణం ఖాయమయ్యాక గుండె ఆగి ఆయన చనిపోయాడు.

ఆమె ఏడ్చినంతకాలం ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఒక్కటే నిర్ణయించుకుంది. తాను వెళ్ళి ఆయన పేరున హజ్ చేస్తుంది. తిరిగొచ్చాక పరుపుల కొట్టు అమ్మేసి ఓ మూల కూర్చుంటుంది. కొట్టుకు బేరం కూడా కుదిరింది. పక్కనున్న మందుల షాపాయన గోడ కొట్టి తన షాపు పెంచుకుంటానని ఎప్పటినుంచో అడుగుతున్నాడు.

"ఆయన పని ఒక్కటి పూర్తిచేస్తే ఇంక నా పనీ అయిపోతుంది" అంది తమ్ముడితో.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మనిషి, బావకు బదులు తోడు వెళ్ళబోయేది అతనే. "అయిపోవడమేంటక్కా, అవేం మాటలు?" అని కసిరాడు గానీ లోపల భయపడ్డాడు. ఆమె తిండి సరిగ్గా తినడం లేదు. సగం కుట్టిన పరుపుల మీద దుమ్ము పేరుకుంటోంది.

యాత్రికుల శిక్షణ ఒక బడిలో పై అంతస్తు గదిలో జరిగింది. బెంచీలన్నీ గోడలకు నెట్టి, మధ్యలో ఫ్రిజ్ అట్టపెట్టెకు నల్ల గుడ్డ కప్పి కాబా అని నిలబెట్టారు. చెప్పడం పూర్తయ్యాక మౌల్వీగారు సందేహాలున్నాయా అని అడిగారు. పరుపులమ్మ లేచింది.

"నేను మా ఆయన పేరున చేస్తున్నానండీ. మొదట సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయన పేరు ఎలా అనాలి?"

"మీది ఇంతకుముందే అయిందా అమ్మా?"

"లేదండీ."

"అయితే ముందు మీది కావాలి. మేం పాటించే పద్ధతిలో తన హజ్ చేసుకోనివాళ్ళు ఇంకొకరి పేరున చేయకూడదు. మీరు ఎవరి పేరు చెప్పినా ఇది మీ లెక్కలోకే వస్తుంది."

"నా వాటా ఆయనకు రాసేయండి."

"రాసివ్వడానికి ఇదేమన్నా ఇంటి స్థలమా అమ్మా?"

"పోనీ, చెరిసగం?"

గదిలో అందరూ గొల్లుమన్నారు. మౌల్వీగారు మాత్రం నవ్వలేదు. "అరఫాత్ మైదానంలో నిలబడడమే హజ్ అన్నారు ప్రవక్త. తీర్పు రోజు అందరం ఎలా నిలబడతామో అక్కడ పొద్దు వాలేదాకా అలా నిలబడతాం. ఎవరి మొర వాళ్ళే చెప్పుకోవాలి. ఆయన కోసం ఎంతైనా వేడుకోండి, ఎవరూ కాదనరు. ఆయన పేరున హజ్ చేయాలంటే మాత్రం ఇంకోసారి వెళ్ళాలి."

"ఇంకోసారా! ఒక్కసారికి డబ్బు కూడబెట్టేసరికే తలప్రాణం తోకకొచ్చింది" అని ఆమె విసురుగా కూర్చుంది.

ఇంటికొచ్చి బాగున్న గలేబు కుట్లు విప్పింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. ప్రయాణం మానుకుంటుందేమోనని తమ్ముడు అనుకున్నాడు. మానుకునే రకం కాదు ఆమె. మౌల్వీగారు ఏమన్నా సరే, ఆయన కోసమే వెళ్తున్నానని మొండికేసి బయలుదేరింది.

కాబాను మొదటిసారి చూసి ఆయన కోసమే ఏడ్చింది. సఫా, మర్వాల మధ్య మోకాళ్ళు సలుపుతున్నా తమ్ముడి చెయ్యి పట్టుకోకుండా నడిచింది. హాజిరా తల్లి బిడ్డ కోసం పుట్టిన జమ్‌జమ్ ఊట నీళ్ళు కూడా ఆయన్ని తలచుకునే తాగింది.

అరఫాత్ రోజు వచ్చింది. ఎటు చూసినా డేరాలు, తెల్లబట్టలు, పైకెత్తిన చేతులు. ఆమె డేరా నీడలో నిలబడి భర్త కోసం, తమ్ముడి పిల్లల కోసం, వీధిలో వాళ్ళందరి కోసం అడిగింది. చివరికి మందుల షాపాయన కోసం కూడా అడిగింది. అయినా పొద్దు ఇంకా చాలా ఉంది.

"నీకోసం ఏం అడిగావక్కా?" అన్నాడు తమ్ముడు, భుజం మీంచి జారుతున్న గుడ్డ సర్దుకుంటూ.

"నాకేముందిరా అడగడానికి?"

"ఇది నీ హజ్ కదా. నీకేం కావాలో నువ్వే అడగకపోతే ఎలా?"

"నోరు మూసుకుని నీ పని చూసుకో" అంది. అయితే ఆ మాట మనసులోంచి పోలేదు. తనకోసం అడుగుదామని ఖాళీ చేతులు చాపింది. అప్పుడు తెలిసింది ఆమెకు, తన కడుపునిండా కోపమేనని. ఇంత దూరం తనను ఒంటరిగా పంపినందుకు ఆయన మీద కోపం. అంతకంటే పెద్ద కోపం ఇంకొకటి ఉంది, అది చెప్పుకోవడానికి ఇదే చోటు.

"అల్లా, నాకు నీమీద కోపంగా ఉంది" అంది పైకే. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. "ఆయన పని ముగించి చేతులు దులుపుకుందామని వచ్చాను. నువ్వు కుదరదన్నావు. సరే, ఒప్పుకున్నాను, ఇది నాదే. మరి ఆయనది చేయాలంటే నేను బతకాలి కదా! దబ్బనంలో దారం ఎక్కించుకోవడానికి కళ్ళు కావాలి. ఇక్కడ మళ్ళీ నడవడానికి మోకాళ్ళు కావాలి. ఇంకా ఎన్ని పరుపులు కుట్టాలో ఏమో, అన్నేళ్ళూ నాకు కావాలి."

ఆయన పోయాక ఆమె బతుకు కోరుకోవడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, కొట్టు అమ్మడం లేదు. మందుల షాపాయనకు ఫోన్ చేసి చెప్పు."

"ఇప్పుడా? అరఫాత్‌లో నిలబడి బేరాలా? పొద్దు వాలనీ అక్కా!"

"సరే, వాలాకే చెయ్యి. మర్చిపోయావో, నీ పని చెప్తా."

తమ్ముడికి నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ముఖం తుడుచుకుని, "రా, ఇద్దరం కలిసి బావ కోసం ఇంకోసారి వేడుకుందాం" అన్నాడు.

"మీ బావ కోసం మధ్యాహ్నం నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఆయన్ని కాసేపు ఆగమను, నాదింకా అవలేదు" అని పరుపులమ్మ మళ్ళీ చేతులెత్తింది.